తోక మీద దిష్టిచుక్క

ఈలీ అని, మిన్నెసోటాకి ఉత్తరపు కొస.
అక్కడి పశువుల ఆసుపత్రిలో
ఎవరూ చెయ్యనన్న పని నాకిచ్చారు.
కుక్క తోక ఎత్తి, కింద రెండు పక్కలా
బఠానీ గింజలంత సంచుల్ని నొక్కి ఖాళీ చెయ్యడం.
చేపలబుట్ట ఎండలో మరిచిపోయినట్టు ఉంటుందట.
ఉంటుందట అంటున్నాను,
రెండేళ్ల కిందటి జ్వరం నా ముక్కుని
ముక్కుపుడకకి చిలక్కొయ్యగా మాత్రం వదిలింది.
డాక్టర్ మార్గిట్ కిటికీ తెరుస్తుంది, మంచు లోపలికొస్తుంది,
నేను తీరిగ్గా చేతితొడుగులు మార్చుకుంటాను.

జనవరి. మైనస్ ముప్పై.
ఐనో కల్లియో వచ్చింది, డెబ్బై దాటిన మనిషి,
పగ్గాలు పట్టీ పట్టీ మణికట్లు వంకరపోయినావిడ.
పిల్లల జారుడుబండి మీద ముసలి హస్కీని పడుకోబెట్టి
తాడు నడుముకి కట్టుకుని లాక్కొచ్చింది.
"పదేళ్లు ఇది లాగింది" అంది, అంతే.

పేరు పిప్పురి. ఫిన్నిష్‌లో మిరియమట.
అమ్మమ్మ దగ్గుకి నూరే పిప్పలి గుర్తొచ్చి
ఆ మాట మాదే అన్నాను.
తిరిగివ్వను అంది ఐనో.

కళ్లలో పాలు పోసినట్టు తెలుపు.
తోకా తెలుపే, వీపు మీదికి సుడి తిరిగి,
మొదలు నుంచి జానెడు లోపే
నల్లగా ఒక మచ్చ,
కాటుక వేలు ఎవరో తుడుచుకుపోయినట్టు.
దిష్టిచుక్క పెట్టారా, అని
మా పసిపిల్లల బుగ్గల సంగతి చెప్పాను.
ఆవిడ నవ్వలేదు.
"మీ చుక్క కళ్లని తప్పిస్తుంది. ఇది ముక్కుల్ని పిలుస్తుంది."

మచ్చ కింద గ్రంథి ఉంటుంది,
తోడేలుకీ, నక్కకీ ఉన్నట్టే.
గ్రంథి, గ్రంథం, రెండూ ఒకే ముడిలోంచి విడివడ్డ మాటలు.
నాకు మొదటిదే జీతమిస్తోంది.
అక్కడి వెంట్రుక మిగతా ఒంటి మీది బొచ్చులా కాదు,
బిరుసు, ఒంటరి, కొస నలుపు.
ఇప్పుడవీ రాలి, రూపాయంత బోడి,
జిడ్డు మెరుస్తోంది దాని మీద.

మందు సబ్బుతో కడగమని చీటీలో ఉంది.
నా చెయ్యి పట్టుకుంది ఐనో.
"చుట్టూ కడుగు. మధ్యలో కొంచెం ఉంచు.
ఇంట్లో ఇంకా ఏడున్నాయి.
కిందటిసారి శుభ్రంగా స్నానం చేయించి తీసుకెళితే
తమ్ముడే దీని మీద గుర్రుమన్నాడు.
రాత్రంతా గడప దగ్గరే పడుకుంది, ఎవరిదో కుక్కలా."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదగలమా అంటారు మావాళ్లు.
ఈవిడ ముప్పై ఏళ్లు
ఎనిమిదేసి తోకల వెనక నిలబడి
గడ్డకట్టిన సరస్సులు దాటింది.
ఒక్కసారి మాత్రం మంచు పగిలిందట.
ఏ తోక పట్టుకుని పైకొచ్చిందో చెప్పలేదు,
ఆ మచ్చ చుట్టూ బొటనవేలు తిప్పుతూ కూర్చుంది.

చుట్టూ కడిగాను.
వాళ్లు వెళ్లాక తొడుగు తీస్తుంటే
చిటికెనవేలు దగ్గర చిరుగు కనిపించింది.
వేలికి జిడ్డు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు.
ఇంకోసారి పెట్టుకున్నాను.
ఉన్నట్టు అనిపించింది, మిరియాలేమో,
అది నా ఆశకి వచ్చిన వాసన.

మర్నాటి దాకా ఆ వేలు కడగలేదు.
మార్గిట్‌కి చెప్పకండి.

పొద్దున్నే ఎవరిదో కుర్ర హస్కీ,
బరువు తూచే పలక ఎక్కనని మొరాయిస్తున్నది,
నా చేతి దగ్గర ఆగిపోయింది.
నాలుగు వేళ్లూ వదిలేసి
చిటికెనవేలి మీద తల వంచింది.
చెవులు వెనక్కి, కళ్లు సగం మూసి,
దూరాన్నుంచి వచ్చిన ఉత్తరం
రెండోసారి చదువుకునేవాళ్లలా.

ఏముంది అందులో, అన్నాను తెలుగులో.
తోక ఒక్కసారి అటూ ఇటూ ఊపి
పలక ఎక్కి నిలబడింది.
ఇరవై రెండు కిలోలు.
రాసుకున్నాను.